పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కి మళ్లీ ప్రాణం పోయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ఏ బండ్లకి పనికొస్తాయి?

ముందూ వెనకా కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద కూర్చున్న డీజిల్ ఫోర్ వీల్ పికప్‌లకి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి మహీంద్రా 2523 సీసీ డీఐ ఇంజిన్ (బోరు 88.9 మి.మీ., స్ట్రోకు 101.6 మి.మీ.) ఉన్న క్యాంపర్ తరహా బండ్లు, వెనక తొట్టి కట్టించుకున్న పొడుగు ఛాసిస్ జీపులు. ఇంకా పాతవాటిలో 2112 సీసీ ఎక్స్‌డీపీ ఇంజిన్ ఉంటుంది. టాటా జెనాన్ లాంటి బండ్లలో ఫోర్ వీల్ స్విచ్చుతో పడుతుంది, ముందు కమాన్లు ఉండవు. వాటికి తుప్పు, బ్రేకులు, వైరింగ్ సమాధానాలు పనికొస్తాయి గానీ ముందు యాక్సిల్ సంగతి వేరు.

కొనేముందు ఏం చూడాలి?

ముందు బండి కిందికి దూరండి. ఇంజిన్ పాడైతే మార్చొచ్చు, బాడీ పోతే రేకు కొట్టించొచ్చు. ఛాసిస్ వంగినా, దాని నంబరు తుప్పులో చెరిగిపోయినా ఆ బండి మీద పెట్టిన ప్రతి రూపాయీ ప్రమాదంలో ఉన్నట్టే. ఛాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. నంబరు చుట్టూ గ్రైండింగ్ గుర్తులు, వెల్డింగ్ మచ్చలు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

ఛాసిస్ వంగిందేమో తెలుసుకోవడానికి తేలికైన మార్గం: టైర్లు నీళ్లతో తడిపి, పొడి సిమెంటు నేల మీద బండిని నిటారుగా ముప్పై అడుగులు నడిపించండి. వెనక చక్రాల జాడలు ముందు జాడల నుంచి రెండు పక్కలా ఒకే దూరంలో ఉండాలి. ఒక పక్కకే జరిగితే సెంటర్ బోల్టు (కమాన్ కట్టని యాక్సిల్ మీద కుదిర్చేది) తెగి యాక్సిల్ జరిగి ఉండాలి, లేదా ఛాసిస్ వంకర పోయి ఉండాలి. మొదటిది చిన్న పనే. రెండోది కాదు.

ఇక ఫోర్ వీల్ నిజంగా ఉందా అన్నది చూడాలి. నవ్వులాట కాదు. డీజిల్ ఖర్చు తగ్గుతుందనో, చప్పుడు వస్తోందనో ముందు యాక్సిల్‌ని తిప్పే జాయింట్ షాఫ్టు ఊడదీసి మూలన పడేసిన బండ్లు చాలా ఉన్నాయి. లీవరు ఉంటుంది, కదులుతుంది, దాని వెనక ఏమీ ఉండదు. పరీక్ష ఇలా చేయండి. ముందు హబ్‌లు లాక్ చేసి (అంటే చక్రాల్ని యాక్సిల్ షాఫ్టులకి కలిపి), లీవరు టూ వీల్‌లో ఉంచి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపండి. ఆ చక్రాన్ని చేత్తో తిప్పితే ముందు జాయింట్ షాఫ్టు తిరగాలి. తిరగకపోతే హబ్ పట్టడం లేదు, లేదా లోపల యాక్సిల్ షాఫ్టు లేదు. తర్వాత ఇంజిన్ ఆపే ఉంచి గేరు వేసి, లీవరు ఫోర్ వీల్‌లోకి తోయండి. ఇప్పుడు చక్రం తిరక్కూడదు. తిరిగిందంటే లోపం ట్రాన్స్‌ఫర్ కేసులో (లాగుడుని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్ల పెట్టెలో) ఉంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరు వచ్చేసరికే బండి వేడిగా ఉందంటే అమ్మేవాడు ఏదో దాస్తున్నాడని అనుకోవచ్చు. స్టార్టయ్యాక ఆయిల్ మూత తీసి తలకిందులుగా అదే రంధ్రం మీద పెట్టండి. కొద్దిగా ఊగితే పాత ఇంజిన్‌కి మామూలే. ఎగిరి పడితే రింగులు, బోరు అరిగినట్టు.

భీమవరం, కైకలూరు వైపు చేపలూ రొయ్యలూ మోసిన బండి అయితే తొట్టి కింద అడ్డ దూలాలు, వెనక కమాన్ బ్రాకెట్లు ప్రత్యేకంగా చూడండి. ఐసు కరిగిన నీళ్లు, ఉప్పు నీళ్లు అక్కడికే కారతాయి. పైన కొత్త రంగు మెరుస్తున్నా సుత్తితో చిన్నగా తట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్నది డబడబమంటుంది.

పేపర్ల విషయంలో ఎక్కడ ఇరుక్కుంటారు?

పానా పట్టుకోకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. పికప్‌లు చాలావరకు సరుకు రవాణా వాహనాలుగా, పసుపు ప్లేటుతో నమోదై ఉంటాయి. రవాణా వాహనానికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ కావాలి. తెల్ల ప్లేటు బండి అయితే 15 ఏళ్లకి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, అది అయిదేళ్లకి చెల్లుతుంది. 15 ఏళ్లు దాటిన బండ్ల రుసుములు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి. గ్రీన్ ట్యాక్స్ అదనం. పాత చలాన్లు, కట్టని త్రైమాసిక పన్ను, తీరని ఫైనాన్స్ ఉన్నాయేమో బయానా ఇవ్వకముందే రవాణా శాఖ పోర్టల్‌లో చూసుకోండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

శాఖల వేలంలో పాత పికప్ కొందామని చూసేవాళ్లకి ఒక మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ శాఖల పేరిట ఉన్న, 15 ఏళ్లు దాటిన వాహనాలకి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ లేదు. అవి తుక్కుకే పోవాలి. అలాంటి బండి ‘పేపర్లు చేయించి ఇస్తాం’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

మార్పుల సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. వేరే రకం ఇంజిన్, ఛాసిస్ కోయడం, తొట్టిని వ్యాన్‌లా మూసేయడం ఈ కోవలోకి వస్తాయి. అదే రకం ఇంజిన్ మార్చాలన్నా ముందు ఆర్టీఏ అనుమతి తీసుకుని, తర్వాత కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించాలి. రంగు మారినా ఎక్కించాలి. ఇనుప బుల్ బార్లని 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది.

ఏ వరుసలో పని పెట్టుకోవాలి?

ఆగడం, తిరగడం, నిలబడటం ముందు. అంటే బ్రేకులు, స్టీరింగ్, ఛాసిస్. తర్వాత నడవడం: ఇంజిన్, గేర్లు, యాక్సిళ్లు. తర్వాత వైరింగ్. రంగు చివర. చాలామంది రంగుతో మొదలుపెడతారు, ఫోటోలో బాగుంటుంది కాబట్టి. ఆర్నెల్లకి ఇంజిన్ దింపేటప్పుడు చైన్ బ్లాకు గీతలు ఆ కొత్త రంగు మీదే పడతాయి.

మొత్తం బండిని ఒకేసారి విప్పకండి. తొట్టి, ముందు బాడీ, ఇంజిన్, రెండు యాక్సిళ్లు ఒకే నెలలో విప్పిన బండ్లలో సగం డబ్బాల్లో నట్లతో సహా తుక్కు వాడికి చేరతాయి. ఒక భాగం విప్పి, పూర్తిచేసి, బిగించి, తర్వాతది ముట్టుకోండి. అనుకున్న ఖర్చులో మూడో వంతు పక్కన పెట్టండి. విప్పితేనే తెలిసే ఖర్చులు అందులోంచే పోతాయి.

ఛాసిస్ తుప్పు ఎలా బాగుచేయాలి?

తొట్టి దింపందే ఈ పని అవదు. తొట్టి బోల్టులు పానాతో తిరగవు. ముందురోజు రాత్రి తుప్పు వదిలే నూనె పోసి ఉంచి, అప్పటికీ రాకపోతే వేడిచేసి తీయాలి. గ్యాస్ మంట పెట్టేముందు డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు పక్కకి తప్పించండి.

పైపొర తుప్పుకి వైరు బ్రష్, ఆ తర్వాత ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మార్పిడి ద్రావణం, అది ఆరాక అదే రోజు ఎపాక్సీ ప్రైమర్. ప్రైమర్‌ని మర్నాటికి వాయిదా వేస్తే, ముఖ్యంగా కోస్తా గాలిలో, తెల్లారేసరికి మళ్లీ ఎర్ర పొడి కనిపిస్తుంది. పైన నలుపు రెండు కోట్లు. ఛాసిస్ పెట్టె ఆకారంలో మూసి ఉన్న చోట్ల లోపల నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడి ఉంటాయి. కడ్డీతో పొడిచి, ప్రెషర్ నీళ్లతో కడిగి, బాగా ఆరాక లోపలికి మైనం రకం స్ప్రే కొట్టించండి. లోపలినుంచి వచ్చే తుప్పే ఛాసిస్‌ని తినేది. బయట ఎంత పూసినా దాన్ని ఆపలేదు.

చిల్లు పడ్డ చోట పైన రేకు అతికించి రంగు పూయడం మోసం. తిన్న భాగం మంచి ఇనుము వచ్చేదాకా కోసేసి, అంతే మందం ప్లేటు వేయాలి. బలానికి వేసే ప్లేటు అంచులు నిటారుగా కాకుండా వాలుగా, వజ్రం ఆకారంలో ఉండాలి. నిటారు వెల్డింగ్ గీత మీద బరువు పడితే దాని పక్కనే ఛాసిస్ చీలుతుంది. కమాన్ బ్రాకెట్ల దగ్గర పగుళ్లుంటే పగులు చివర 5 మి.మీ. రంధ్రం వేసి, తర్వాత వెల్డింగ్ చేయించాలి. లేకపోతే పగులు వెల్డింగ్ కిందనుంచి పాకుతూ పోతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు తీసేయండి.

ఇంజిన్‌కి ఫుల్ పని కావాలా, పైపని చాలా?

పొగ రంగు సగం చెబుతుంది. చల్లటి స్టార్టింగ్‌లో తెల్లపొగ వచ్చి నిమిషంలో పోతే కంగారు లేదు. వేడెక్కాక కూడా తెల్లగా, పచ్చి డీజిల్ వాసనతో వస్తే కంప్రెషన్ తక్కువ, లేదా పంపు టైమింగ్ వెనకబడింది. తెల్లపొగతో పాటు రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. నల్లపొగకి ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత నాజిల్స్ (డీజిల్ చిమ్మే మొనలు). నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. ఎక్కేటప్పుడు వస్తే రింగులు, ఘాట్ దిగుతూ కాలు తీసి మళ్లీ తొక్కినప్పుడు వస్తే వాల్వ్ గైడ్లు, సీళ్లు.

తర్వాత కంప్రెషన్ కొలిపించండి. అంకె కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే పదో వంతుకి మించి తక్కువుంటే కారణం వెతకాలి. పక్కపక్క రెండు సిలిండర్లు తక్కువుంటే వాటి మధ్య గ్యాస్కెట్ పోయి ఉంటుంది, బోరు దాకా పోనక్కర్లేదు.

బోరు విప్పాక పై రింగు ఆగే చోట, అడుగున, రెండు దిక్కుల్లో కొలవాలి. పైకీ కిందికీ తేడా 0.15 మి.మీ. దాటితే కొత్త రింగులు వేసి సరిపెట్టడం డబ్బు దండగ. లైనర్లు, పిస్టన్లు సెట్టుగా మార్చండి. 88.9 మి.మీ. బోరుకి రింగు నోటి సందు సుమారు 0.35 మి.మీ. ఉండాలి. రింగుని బోరులోకి దించి, పిస్టన్‌తో సమంగా తోసి, ఫీలర్‌తో చూడండి. ప్యాకెట్ విప్పి నేరుగా ఎక్కిస్తే ఈ సంగతి తెలియదు. క్రాంక్‌ని లేత్ వాళ్లు ‘10 సైజు’, ‘20 సైజు’ అంటారు. అంటే అంగుళంలో వెయ్యో వంతులు, 10 సైజు 0.25 మి.మీ. కొత్త బేరింగ్ షెల్స్ క్రాంక్ కొలిచాకే కొనాలి.

హోనింగ్ (బోరు లోపల రాళ్లతో రుద్దడం) అయ్యాక బోరుని డీజిల్ గుడ్డతో తుడిచి వదిలేయడం మన షెడ్లలో అలవాటు. ఆ ఇసుకలాంటి పొడి డీజిల్‌తో పోదు. సబ్బు నీళ్లు, గట్టి బ్రష్‌తో తెల్ల గుడ్డకి మరక అంటనంతవరకు కడిగి, వెంటనే ఆరబెట్టి ఇంజిన్ ఆయిల్ పూయాలి. ఫుల్ పని చేయించిన ఇంజిన్ పదివేల కిలోమీటర్లకే ఆయిల్ తాగడం మొదలెడితే మొదట అనుమానించాల్సింది ఈ పొడినే.

హెడ్‌ని స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూసి, 0.1 మి.మీ. కంటే వంగితే సర్ఫేసింగ్‌కి ఇవ్వండి. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ పానాతో.

ఇంకొకటి. థర్మోస్టాట్ తీసేయొద్దు. ‘మన ఎండలకి అదెందుకు’ అని తీసేస్తారు. దాంతో మామూలు రోజుల్లో ఇంజిన్ సరైన వేడికి రాదు, బోరు తొందరగా అరుగుతుంది. వేడెక్కుతోందంటే రేడియేటర్‌ని వెనక దిక్కు నుంచి నీళ్లతో కడిగించండి, ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు చూడండి. ఉత్త బోరు నీళ్లు కాకుండా సగం కూలెంటు, సగం శుద్ధి చేసిన నీళ్లు పోయండి.

ఫిల్టర్ మార్చాక బండి స్టార్ట్ కావడం లేదు. ఎందుకు?

డీజిల్ లైన్‌లో గాలి చేరింది. ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండండి. నురగ పోయి, బుడగ లేని డీజిల్ వచ్చాక బిగించండి. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని. అప్పటికీ కాకపోతే నాజిల్స్ దగ్గర రెండు పైపుల నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకి మించి వద్దు, మధ్యలో అరనిమిషం ఆపండి. ఆ పైపుల ముందు చెయ్యి పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

ఈ పని తరచూ చేయాల్సి వస్తుంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఎక్కడో గాలి పీలుస్తోంది. ఆ భాగంలో డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే తడి కనిపించదు. పాత రబ్బరు పైపులు, వాషర్లు అన్నీ ఒకేసారి మార్చేయడమే చవక.

గేర్‌బాక్స్‌లో, యాక్సిళ్లలో ఒకే ఆయిల్ పోయొచ్చా?

వద్దు. యాక్సిల్ లోపలి క్రౌన్ పినియన్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, వాటికి జీఎల్-5 రకం ఆయిల్ కావాలి. అందులోని గంధకం కలిసిన మందులు గేర్‌బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి, కాబట్టి అక్కడ జీఎల్-4. డబ్బా మీద రెండూ ‘90 గేర్ ఆయిల్’ అనే ఉంటాయి, వెనక చిన్న అక్షరాలు చదవండి. నింపే బిరడా అంచు దాకా రావాలి, అంతే. ఆయిల్ తీసినప్పుడు అది పాల చాయలో ఉంటే నీళ్లు కలిశాయి. వాగు దాటిన బండికి ఇది తప్పదు, ఎందుకంటే వేడి యాక్సిల్ చల్లటి నీళ్లలోకి దిగగానే లోపలి గాలి కుదించుకుని సీళ్ల దగ్గర నీటిని లాక్కుంటుంది. యాక్సిల్ మీది చిన్న గాలి గొట్టం పూడుకుపోతే ఇంకా ఎక్కువ. దానికి రబ్బరు పైపు తొడిగి తొట్టి ఎత్తుకి తీసుకెళ్లండి. ఇంత చవకైన అప్‌గ్రేడ్ ఇంకొకటి లేదు.

ఫోర్ వీల్ లీవరు ఇరుక్కుంటోంది. లోపల పోయిందా?

ఎక్కడ వాడారో గుర్తు చేసుకోండి. ఈ బండ్లలో ముందు వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ (వేగాల తేడాని సర్దే గేర్లు) లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. రేగడి బురదలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు, ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిపడి లీవరుని బిగించేస్తుంది. పది గజాలు నిటారుగా వెనక్కి పోతే వదులుతుంది. అలా వదిలితే ఏమీ పోలేదు. పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ వేయడం మాత్రం మానండి, జాయింట్ షాఫ్టు క్రాసులు, ట్రాన్స్‌ఫర్ గేర్లు పోయేది అక్కడే.

లో గేరులో ఒత్తిడి పడగానే లీవరు బయటికి దూకితే, అది వేరు. ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బర్లు చూడండి. అవి కుంగితే లీవరు నేల రంధ్రానికి తగిలి గేరు పూర్తిగా పడదు. అవి బాగుంటే షిఫ్టర్ ఫోర్క్, గేరు పళ్ల అంచులు అరిగాయి, కేసు దింపాలి.

యాభై అరవై వేగంలో గుంత తగిలితే స్టీరింగ్ గిలగిల కొట్టుకుంటోంది

పాత కమాన్ బండ్లన్నిటి రోగం ఇది. స్టీరింగ్ డ్యాంపర్ కొత్తది వేస్తే నెల రోజులు తగ్గినట్టుంటుంది, రోగం లోపలే ఉంటుంది. ఈ వరుసలో వెతకండి.

1. టైర్ల గాలి, బ్యాలెన్సు, రిమ్ వంకర. ముందు టైర్లని వెనక్కి మార్చి చూడండి. మార్పు కనిపిస్తే సగం దొరికినట్టే.
2. ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే ఇంకొకరు కింద పడుకుని టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ మీద చెయ్యి పెట్టి చూడాలి. కదలిక చేతికి తెలుస్తుంది. స్టీరింగ్ బాక్స్‌ని పట్టే ఛాసిస్ బోల్టులు కూడా. చాలాసార్లు బాక్స్ కాదు, ఛాసిస్సే అక్కడ పగిలి ఊగుతుంటుంది.
3. చక్రం లేపి పైనా కిందా పట్టి ఊపండి. ప్లే ఉంటే బ్రేకు తొక్కి పట్టించి మళ్లీ ఊపండి. ఇప్పుడు పోతే హబ్ బేరింగులు, అప్పటికీ ఉంటే కింగ్ పిన్ (మలుపులో చక్రం తిరిగే ఇరుసు).
4. కమాన్ బుష్‌లు, షేకిళ్లు (కమాన్ చివర ఊగే పట్టీలు), యూ-బోల్టులు.

హబ్ బేరింగు బిగింపు: చక్రం తిప్పుతూ లోపలి నట్టుని చక్రం బరువెక్కేదాకా బిగించి, తర్వాత ఆరో వంతు చుట్టు వెనక్కి తీయండి. లాక్ వాషర్, పైనట్టు వేశాక మళ్లీ తిప్పి చూడండి, పైనట్టు బిగింపుతో లోపలిది జరుగుతుంటుంది.

కింగ్ పిన్ బేరింగుల బిగింపు పైనా కిందా ఉన్న షిమ్‌లతో (పల్చటి రేకు బిళ్లలతో) కుదురుతుంది. బంతిలా మూసిన నకిల్ (యాక్సిల్ చివర చక్రం మలిగే కీలు) ఉన్న పాత జీపు యాక్సిల్‌కైతే, టై రాడ్ విప్పి, నకిల్ ఆయిల్ సీలు తీసి, స్టీరింగ్ ఆర్మ్ కన్నానికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే 5.5 నుంచి 7 కిలోల మధ్య కదలడం మొదలవ్వాలి. దానికంటే తేలిగ్గా కదిలితే ఒక షిమ్ తీయండి, పైనా కిందా సమంగా ఉండేలా. అదే యాక్సిల్‌కి టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు దగ్గరపడే తేడా) 1.2 నుంచి 2.4 మి.మీ., క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు. క్యాస్టర్ తగ్గితే కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య వాలు ప్లేట్లు పెట్టాలి. రెండు పక్కలా ఒకే కోణం ఉండాలి, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది.

బ్రేకులు ఎలా మెరుగుపరచాలి?

ముందు ఉన్నవి సరిచేయండి. ఇంజిన్ ఆపి పెడల్ అయిదారుసార్లు తొక్కి, తొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి జారాలి. జారకపోతే బూస్టర్‌కి (కాలి బలాన్ని పెంచే డబ్బాకి) వ్యాక్యూమ్ అందడం లేదు. డీజిల్ ఇంజిన్ తనంతట తాను వ్యాక్యూమ్ ఇవ్వదు, దానికి విడిగా పంపు ఉంటుంది. చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉండి ఇంజిన్ ఆయిల్‌తో నడుస్తుంది. ఆ ఆయిల్ పైపు పూడుకుంటే పంపు రెక్కలు అరిగి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. ‘కొత్త బూస్టర్ వేసినా అంతే’ అనేవాళ్ల బండ్లలో ముందు ఈ పంపు చూడాలి.

వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు అన్నీ ఒకేసారి మార్చండి. పాత హోసు లోపల ఉబ్బితే ఫ్లూయిడ్ పోతుంది గానీ తిరిగి రాదు, ఆ చక్రం వేడెక్కుతుంది. గాలి తీసే వరుస దూరం నుంచి దగ్గరికి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చాలి, అది గాలిలో తేమ పీలుస్తుంది. పాడేరు ఘాట్ లాంటి చోట దిగేటప్పుడు ఆ తేమ మరిగి పెడల్ నేలకి పోతుంది.

ముందు డ్రమ్ముల స్థానంలో డిస్కులు వేయాలంటే అదే కంపెనీ తర్వాతి బండి నుంచి నకిల్, హబ్, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్ అన్నీ సెట్టుగా తీసుకోండి. డిస్కులకి ఎక్కువ ఫ్లూయిడ్ కావాలి. పాత మాస్టర్ అలాగే ఉంచితే పెడల్ లోతుగా పోతుంది. వెనక చక్రాల ఒత్తిడి వాల్వు తీసేయకండి, ఖాళీ తొట్టితో వెనక చక్రాలు ముందే పట్టేసి బండి అడ్డం తిరుగుతుంది.

ఎత్తు పెంచాలి. లాంగ్ షేకిళ్లు చాలా?

50 మి.మీ. పొడుగు షేకిల్ వేస్తే యాక్సిల్ దగ్గర పెరిగేది 25 మి.మీ. మాత్రమే. పైగా ముందు కమాన్ షేకిల్ ముందువైపే ఉన్న జీపుల్లో క్యాస్టర్ తగ్గి, పైన చెప్పిన గిలగిల మొదలవుతుంది. కమాన్ కట్ట విప్పి పట్టీలు కొట్టించి, విరిగినవి మార్చి, పట్టీల మధ్య తుప్పు తీసి గ్రాఫైట్ గ్రీసు పూస్తే అసలు ఎత్తు తిరిగి వస్తుంది. చాలా బండ్లకి కావాల్సింది అంతే. యూ-బోల్టులు ఒకసారి సాగాక మళ్లీ పట్టవు, కొత్తవి వేసి 500 కిలోమీటర్లకి మళ్లీ బిగించండి.

పెద్ద టైర్లు వేస్తే ఏమవుతుంది?

లెక్క చూద్దాం. 215/75 ఆర్ 15 టైరు ఎత్తు 703 మి.మీ. 235/75 ఆర్ 15 అయితే 733, అంటే నాలుగు శాతం ఎక్కువ. ఏ ఇబ్బందీ లేదు. 31 అంగుళాలది 787, పన్నెండు శాతం ఎక్కువ. మీటరు 60 చూపిస్తే మీరు 67లో ఉంటారు, లాగుడు పదో వంతు తగ్గుతుంది, బ్రేకుకి అంతే భారం పెరుగుతుంది. క్రౌన్ నిష్పత్తి (చక్రాల ఒక చుట్టుకి జాయింట్ షాఫ్టు తిరిగే చుట్లు) 4.27 అయితే పాత లాగుడు రావడానికి సుమారు 4.78 కావాలి. ముందూ వెనకా రెండు యాక్సిళ్లలోనూ ఒకేలా మార్చాలి, ఒకదాంట్లోనే మారిస్తే ఫోర్ వీల్ వేయగానే ఏదో ఒకటి విరుగుతుంది.

మీ క్రౌన్ ఎంతో తెలియకపోతే: ఒక వెనక చక్రం నేల మీద ఉంచి, ఇంకొకటి లేపి, న్యూట్రల్‌లో పెట్టి, ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. జాయింట్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి.

టర్బో, పెద్ద ఇంజిన్, పవర్ స్టీరింగ్?

టర్బో లేని డీఐకి బయటినుంచి టర్బో తగిలించొద్దు. పిస్టన్లు, చల్లదనం, నాజిల్స్ ఆ వేడికి చేసినవి కావు. పంపు, నాజిల్స్ సరిగ్గా క్యాలిబ్రేట్ చేయించి, టైమింగ్ కుదిర్చితే చాలామంది కోరుకునే ‘పికప్’ అక్కడే దొరుకుతుంది. పవర్ స్టీరింగ్ మాత్రం మంచి ఖర్చు. అదే కుటుంబం బండి బాక్స్, పంపు, బ్రాకెట్ తీసుకోండి, బాక్స్ బిగించే చోట ఛాసిస్ లోపల గొట్టం ముక్క పెట్టి బలపరచండి.

వైరింగ్‌లో ఏది ముందు?

ఎర్త్. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి బాడీకి విడివిడి వైర్లు, రంగు గీకి మెరిసే ఇనుము మీద. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య మీటరు అర వోల్టుకి మించి చూపకూడదు. నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. హెడ్‌లైట్లు మసకగా ఉంటే బల్బు వాట్లు పెంచకండి, కరెంటు అంతా పాత స్విచ్చు గుండా పోవడమే కారణం. రిలే పెట్టండి, దాని కాళ్ల మీది నంబర్ల ప్రకారం: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో 2.5 చ.మి.మీ. వైరు, 87 నుంచి లైటుకి, 86కి పాత స్విచ్చు వైరు, 85 ఎర్త్‌కి. రెండు 55 వాట్ల బల్బులు కలిసి తొమ్మిది ఆంపియర్లు లాగుతాయి, 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) పెట్టేవాళ్లు బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు లాగేది చూసుకోండి. పూర్తి భారం మీద అది 400 ఆంపియర్ల దాకా తాగుతుంది, కాబట్టి ఇంజిన్ నడుస్తుండగానే వాడాలి.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

విజయవాడ, గుంటూరు, విశాఖ ఆటోనగర్లు, హైదరాబాద్ ఆటోనగర్. పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్లండి, పేరు చెప్పి అడిగితే ‘అదే సార్’ అని వేరేది ఇస్తారు. సీళ్లు, బేరింగులు భాగం పేరుతో కాకుండా వాటి మీది నంబరుతో, కొలతతో అడిగితే బేరింగు షాపులోనే మంచి కంపెనీవి దొరుకుతాయి. సెకండ్‌హ్యాండ్‌లో యాక్సిల్ హౌసింగ్, ట్రాన్స్‌ఫర్ కేసు, బాడీ రేకులు కొనొచ్చు. బ్రేకు భాగాలు, స్టీరింగ్ ఎండ్లు, క్రాసులు, హోసులు మాత్రం కొత్తవే.

పని అయ్యాక మొదటి రోజుల్లో?

ఇంజిన్ కొత్తగా కట్టినదైతే వెయ్యి కిలోమీటర్ల దాకా అరవై దాటించకండి, అలాగని నిలబెట్టి గంటలు గంటలు ఐడ్లింగ్‌లోనూ ఉంచకండి, రింగులు కూర్చోవు. 500కి ఆయిల్, ఫిల్టర్ మార్చండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు, జాయింట్ షాఫ్టు బోల్టులు, స్టీరింగ్ నట్ల పిన్నులు చూడండి. నడిపి ఆపిన వెంటనే నాలుగు హబ్‌ల మీదా చెయ్యి పెట్టండి. ఒకటి మిగతా మూడింటికంటే వేడిగా ఉంటే అక్కడ బేరింగు బిగిసింది, లేదా బ్రేకు పట్టేస్తోంది. ఆ చక్రం విప్పి చూశాకే మళ్లీ రోడ్డెక్కండి.